ప్రేడర్ విల్లీ ఉన్న పిల్లల తిండి సంగతి: వంటగది తాళం నుంచి పెళ్ళి భోజనం దాకా

ఈ మధ్య వారానికి ఒకరైనా అడుగుతున్నారు. గుణుపురం నుంచి ఒక తల్లి, పర్లాకిమిడి నుంచి ఒక తాతగారు, మొన్న జయపురం నుంచి ఒక టీచరమ్మ. అందరిదీ ఒకే ప్రశ్న: "పిల్లకి ప్రేడర్ విల్లీ అన్నారు, తిండి దగ్గర ఆపలేకపోతున్నాం, ఏం చెయ్యాలి?" ఫోన్లో ముక్కలు ముక్కలుగా చెబితే సగం మర్చిపోతున్నారు, అందుకే అంతా ఒకచోట రాస్తున్నాను. మేం ఒడిశాలోని రాయగడలో ఉంటాం. మా బాబుకి పద్నాలుగేళ్ళు. ఇక్కడ రాసినవన్నీ మా ఇంట్లో చేస్తున్నవే, మందుల సంగతి మాత్రం మీ డాక్టరుతోనే తేల్చుకోండి.

మొదలుపెట్టే ముందు ఒక్క మాట మనసులో పెట్టుకోండి. ప్రేడర్ విల్లీ అంటే పుట్టుకతో వచ్చే జన్యు జబ్బు, వీళ్ళది తిండియావ కాదు. 15వ క్రోమోజోములో తండ్రి వైపు నుంచి పనిచెయ్యాల్సిన కొన్ని జన్యువులు పనిచెయ్యవు, దాంతో కడుపు నిండిందన్న కబురు మెదడుకి సరిగ్గా అందదు. మనం భోంచేసి లేచాక ఇంక వద్దు అనిపిస్తుంది చూడండి, ఆ "చాలు" అన్నది వీళ్ళకి రాదు. తిట్టినా, కొట్టినా, ఒట్టు వేయించుకున్నా రాదు. అందుకే కింద రాసిన పనులన్నీ పిల్లని మార్చడానికి కాదు, ఇంటిని మార్చడానికి.

1. ముందుగా తేల్చుకోవలసినవి

పరీక్ష చేయించకుండా ఎవరో పేరు చెప్పారని తిండి తగ్గించెయ్యకండి. డీఎన్ఏ మిథైలేషన్ అనే రక్త పరీక్ష ఉంది, ఇది 99 శాతం పైగా కేసుల్ని పట్టుకుంటుంది. మాకు మొదట చూపించిన ఆస్పత్రిలో "తల్లి గారాబం, మీరే తినిపించి పాడుచేశారు" అని మూడేళ్ళు తిప్పారు. ఆ మూడేళ్ళలో పదకొండు కిలోలు అదనంగా పెరిగాడు. అలా ఎవరైనా అంటే నోరు మూసుకుని రాకండి, మిథైలేషన్ పరీక్ష రాసివ్వమని పేరు పెట్టి అడగండి.

డాక్టరు దగ్గరికి వెళ్ళేటప్పుడు ఈ చీటీ పట్టుకెళ్ళండి:

- ఎత్తు, బరువు, ఇంతకుముందు రాసుకున్నవి ఉంటే అవి కూడా
- థైరాయిడ్, షుగరు, విటమిన్ డి పరీక్షలు ఎప్పుడు చేయించాలి
- నిద్రలో గురక పెడుతున్నాడా, ఊపిరి ఆగి ఆగి వస్తోందా
- వెన్నెముక వంకర ఏమైనా ఉందా
- రోజుకి ఎన్ని కేలరీలు ఇవ్వాలి, అంకె రాసివ్వమనండి
- గ్రోత్ హార్మోన్ ఇంజెక్షన్లు మా పిల్లకి పనికొస్తాయా

ఆఖరిదాని గురించి చాలామందికి తెలియదు. 2021 అరుదైన వ్యాధుల జాతీయ విధానంలో ప్రేడర్ విల్లీకి గ్రోత్ హార్మోన్ పేరు ఉంది. దానికింద గుర్తించిన కేంద్రాల్లో మనకి దగ్గరగా భాష కలిసేది హైదరాబాద్‌లోని సీడీఎఫ్‌డీ అనే డీఎన్ఏ పరిశోధన సంస్థ, నిమ్స్ ఆస్పత్రి కలిసి నడిపేది. ఆ ఇంజెక్షన్ వల్ల ఎత్తు పెరుగుతారు, కండ బలం వస్తుంది, కానీ ఆకలి తగ్గదు. మొదలుపెట్టే ముందు నిద్ర పరీక్ష తప్పకుండా చేయించాలి, ఊపిరి ఆగే సమస్య బాగా ఉన్నవాళ్ళకి అది ప్రమాదం. ఆకలికే అని ఒక మందుకి అమెరికాలో 2025 మార్చిలో అనుమతి వచ్చింది, దాని గురించి మీ డాక్టరునే అడగండి. ఏ మందు వచ్చినా వంటగది తాళం మాత్రం తియ్యకండి.

2. మీ పిల్ల ఏ దశలో ఉందో చూసుకోండి

అందరికీ ఒకే సలహా పనికిరాదు, వయసుని బట్టి తిండి తీరు మారిపోతుంది.

పుట్టిన మొదటి నెలల్లో పిల్ల మెత్తగా, వేలాడిపోతూ ఉంటుంది, పాలు లాగలేదు. ఈ పిల్లే తర్వాత తిండికోసం గోడ దూకుతుందంటే అప్పుడు ఎవరూ నమ్మరు. ఈ వయసులో, అంటే రెండేళ్ళలోపు, ఎట్టి పరిస్థితుల్లో తిండి తగ్గించకండి. మెదడు ఎదిగే కాలం, పాలూ నెయ్యీ కావాలి. ముందు ముందు లావవుతుందని భయపడి పాలల్లో నీళ్ళు కలిపినవాళ్ళని చూశాను, అది చాలా తప్పు.

రెండు నుంచి నాలుగున్నర ఏళ్ళ మధ్య ఇంకా ఆకలి పెరగదు కానీ బరువు పెరగడం మొదలవుతుంది. అందరి పిల్లల్లాగే తింటున్నా లావవుతారు, ఎందుకంటే కండ తక్కువ, ఖర్చయ్యే శక్తి తక్కువ. తాళం వెయ్యడానికి, టైమ్‌టేబుల్ అలవాటు చెయ్యడానికి ఇదే మంచి సమయం. గొడవ లేకుండా అలవాటైపోతుంది.

సుమారు అయిదో ఏడు వచ్చేసరికి తిండి మీద ధ్యాస పెరుగుతుంది, ఎనిమిది దాటాక అసలు ఆకలి మొదలవుతుంది. ఈ వయసులు అందరికీ కచ్చితంగా ఇలాగే ఉండవు, ముందూ వెనకా అవుతాయి. మా బాబుకి ఏడేళ్ళకే వచ్చేసింది.

3. ఇల్లు సిద్ధం చెయ్యడం

బాబుకి ఏడేళ్ళప్పుడు ఒక రాత్రి రెండున్నరకి వంటగదిలో చప్పుడైతే లేచి వెళ్ళాను. చీకట్లో గచ్చు మీద కూర్చుని ఉన్నాడు. ఇడ్లీ పిండి గిన్నె ఒళ్ళో పెట్టుకుని పచ్చి పిండి చేత్తో తోడుకుని తింటున్నాడు. మోచేతుల దాకా పిండి. పక్కన నానబెట్టిన శనగల గిన్నె ఖాళీగా ఉంది. నన్ను చూసి ఆగలేదు, ఇంకా గబగబా తిన్నాడు, కళ్ళల్లోంచి నీళ్ళు కారుతూనే ఉన్నాయి. ఆ మర్నాడే మా ఆయన వంటగదికి గొళ్ళెం, తాళం కప్ప పెట్టించారు.

మా అత్తగారు నెల రోజులు మాట్లాడలేదు. "అన్నపూర్ణకి తాళమేంటే" అన్నారు. తర్వాత ఆవిడే చెప్పారు, వాడు రాత్రిళ్ళు లేవడం మానేశాడని, నిద్రపోతున్నాడని. తలుపు తెరిచి ఉన్నంతకాలం వాడి బుర్ర ఆ తలుపు దగ్గరే కాపలా ఉంటుంది. మూసి ఉందని గట్టిగా తెలిశాక వదిలేస్తుంది. ఇది మాకు అర్థమవడానికి ఆలస్యమైంది, మీకు అవ్వక్కర్లేదు.

ఈ వరసలో చెయ్యండి:

1) ఒక కాగితం పట్టుకుని ఇంట్లో తినే వస్తువు ఎక్కడెక్కడ ఉందో రాయండి. వంటగది ఒక్కటే అనుకోవద్దు.

2) వాటన్నిటినీ ఒకే గదిలోకి చేర్చండి. తలుపు లేని వంటిల్లయితే తలుపు పెట్టించండి, అది కుదరకపోతే తాళం పడే ఇనప బీరువా ఒకటి చాలు.

3) ఫ్రిజ్ బయట ఉంటే దానికి విడిగా తాళం వేయించండి.

4) తాళం చెవులు రెండే. ఒకటి వంట చేసేవాళ్ళ దగ్గర, ఇంకోటి ఇంటి పెద్ద దగ్గర. కొంగుకో మొలతాడుకో కట్టుకోండి, మేకుకి తగిలించకండి. వాడు మేకు చూస్తూనే ఉంటాడు.

5) పిల్లకి ముందుగా చెప్పండి. "రేపటి నుంచి వంటగదికి తాళం. నీకు టైముకి అన్నం పెట్టడం నా పని." దొంగచాటుగా వెయ్యొద్దు, కోపంగా ఉన్నప్పుడు అసలే వెయ్యొద్దు.

మనం మర్చిపోయే చోట్లు ఇవి, ఒక్కొక్కటీ చూసుకుంటూ టిక్కు పెట్టండి:

- దేవుడి గదిలో బెల్లం, కొబ్బరి చిప్ప, పటికబెల్లం, అరటిపళ్ళు
- మంచం కింద రేషన్ బియ్యం బస్తా. పచ్చి బియ్యం కూడా తింటారు
- మామ్మగారి సంచిలో బిస్కెట్లు
- పెరట్లో జామ, మామిడి, జీడిమామిడి. కోళ్ళకి వేసే నూకలు, ఆవు కుడితి
- చెత్తబుట్ట. మూత ఉన్న డబ్బా కొని బయట పెట్టండి, ఎంగిలి విస్తర్లు వెంటనే పారెయ్యండి
- టూత్‌పేస్టు, దగ్గు సిరప్, విటమిన్ చప్పరింపు బిళ్ళలు
- అంగన్‌వాడీలో ఇచ్చిన ఛతువా (సత్తుపిండి) పేకెట్లు
- డబ్బులు. చొక్కా జేబులో చిల్లర కూడా తిండే, వీధి చివర గుమ్టీలో (చిన్న కొట్టులో) బరా (గారె) అయిపోతుంది

పక్కింటివాళ్ళకి, గుమ్టీ ఆయనకి, పాలబ్బాయికి స్వయంగా వెళ్ళి చెప్పాలి. సిగ్గు పడకండి. "వీడికి ఇది జబ్బు, మీరు పెట్టేది ప్రేమతోనే, కానీ ఆస్పత్రి పాలవుతాడు" అని చెబితే ఎవరైనా వింటారు. మా గుమ్టీ ఆయనకి ఒడియాలో చెప్పించాం, ఇప్పుడు వాడు అటు వెళితే ఆయనే చెయ్యి పట్టుకుని ఇంటికి తెస్తాడు.

4. రోజు వరస కట్టడం

వీళ్ళకి ఆకలి కన్నా పెద్ద బాధ అనుమానం. "పెడతారా? ఎప్పుడు? ఏంటి? ఎంత?" ఈ నాలుగింటికీ జవాబు గోడ మీద ఉంటే ఇంట్లో సగం గొడవ పోతుంది.

గడియారం టైము కన్నా పనుల వరస పట్టుకోండి. "ఎనిమిదింటికి టిఫిన్" అని రాసి ఎనిమిదీ అయిదు అయితే ఆ అయిదు నిమిషాల్లో ఇల్లు పీకి పందిరేస్తాడు. "స్నానం, తర్వాత టిఫిన్, తర్వాత బడి" అని రాస్తే కరెంటు పోయినా, గ్యాసు అయిపోయినా వరస మారదు. బొమ్మలు గీసి పెట్టినా చాలు.

మూడు భోజనాలు, మధ్యలో రెండు చిన్నవి. ఏం వండుతామో ముందు రోజు రాత్రే చెప్పేస్తాం. చెప్పింది మార్చకూడదు. దొండకాయ అని చెప్పి బెండకాయ వండిన రోజు మా ఇంట్లో రెండు గంటలు ఏడుపు. కాబట్టి దొరుకుతుందో లేదో తెలియని కూర పేరు చెప్పకండి, "కూర" అని మాత్రం రాయండి.

తిండికి ముందు పని, తిండి తర్వాత కూడా పని పెట్టాలి. కంచం ఎత్తగానే చెయ్యి కడుక్కుని మొక్కలకి నీళ్ళు పోస్తాడు. భోజనం దగ్గర కూర్చోబెట్టి కబుర్లు చెప్పకండి, అయిపోయిన వెంటనే ఆ చోటు వదిలి వెళ్ళాలి.

5. కంచంలో ఏముండాలి, ఎంత ఉండాలి

ఈ పిల్లలకి తోటి పిల్లలు తినేదాంట్లో సుమారు 60 నుంచి 80 శాతం శక్తి సరిపోతుంది. డైటీషియన్లు మొదట వేసే లెక్క ఎత్తుని బట్టి ఉంటుంది: బరువు నిలబడాలంటే ప్రతి సెంటీమీటరుకి 10, 11 కేలరీలు, తగ్గాలంటే 8, 9. అంటే 140 సెంటీమీటర్ల పిల్లకి నిలబడటానికి 1,400 నుంచి 1,540, తగ్గడానికి 1,120 నుంచి 1,260. ఇది అంచనా మాత్రమే, మీ పిల్ల అంకె డైటీషియనే చెప్పాలి. రెండేళ్ళలోపు వాళ్ళకి ఈ లెక్క వాడకండి.

తక్కువ కేలరీలంటే ఒట్టి అన్నం తగ్గించడం కాదు. పిండిపదార్థం సగానికి తక్కువ ఉండి, మాంసకృత్తులు, పీచు బాగా ఉండే తిండితో శరీరంలో కొవ్వు అదుపులో ఉంటుంది. మా ఇంట్లో ఒక మామూలు రోజు ఇలా ఉంటుంది:

- పొద్దున: 2 ఇడ్లీలు, కూరముక్కలు ఎక్కువేసిన సాంబారు, ఉడికించిన గుడ్డు
- పదిన్నరకి: సగం జామకాయ లేదా దోసకాయ ముక్కలు
- మధ్యాహ్నం: 120 గ్రాముల అన్నం, చిన్న గిన్నెడు గట్టి పప్పు, కంచంలో సగం ఆకుకూరో కాయగూరో, పల్చటి మజ్జిగ
- సాయంత్రం: 15 గ్రాముల ముఢి (మరమరాలు), గుప్పెడు ఉడికించిన శనగలు, ఉల్లిపాయ, నిమ్మరసం
- రాత్రి: 2 పుల్కాలు, చేప పులుసు లేదా కూర, కీరదోస

ఇది సుమారు 1,150 కేలరీలు. కూరకి ఒక చెంచా నూనె, అంతే. ఒక చెంచా నూనె 45 కేలరీలు, కాబట్టి పోపు దగ్గర చెయ్యి జారితే లెక్కంతా పోతుంది.

వంటగది తూకం ఒకటి కొనండి. గరిటె లెక్క నమ్మకండి, నేను పెట్టే గరిటె వేరు, మా అత్తగారి గరిటె వేరు. వండిన అన్నం 100 గ్రాములు సుమారు 130 కేలరీలు.

పఖాళ, అంటే నీళ్ళల్లో నానిన చద్దన్నం గురించి అందరూ అడుగుతారు. మంచిదే, నీళ్ళ వల్ల కంచం నిండుగా కనిపిస్తుంది. కానీ అన్నం ముందు తూచి, తర్వాత నీళ్ళు పొయ్యాలి. నీళ్ళల్లో ఉన్న అన్నం ఎంతో కంటికి తెలియదు, మేం మొదట్లో అలాగే రెట్టింపు పెట్టాం. పక్కన బడి (మినప వడియాలు), ఆలూ వేపుడు వద్దు, కాల్చిన వంకాయ పచ్చడి పెట్టండి. మాండియా (రాగి) అంబలి కూడా ఇంతే, పిండి తూచి కాచండి, బెల్లం వెయ్యకండి.

కంచం చిన్నది వాడండి, నిండుగా కనిపించాలి. వీళ్ళు పరిమాణం చూస్తారు. గిన్నె బల్ల మీద పెట్టకండి, వంటగదిలోనే వడ్డించి కంచం తెచ్చి ఇవ్వండి. రెండోసారి వడ్డన ఇంట్లో ఎవరికీ ఉండకూడదు, కనీసం వాడి ముందు.

పాలు, తిండి తగ్గుతాయి కనక కాల్షియం, విటమిన్ మాత్రలు అవసరమా అని డాక్టరుని అడగండి. వీళ్ళకి ఎముకలు బలహీనపడతాయి.

6. అడిగినప్పుడు ఏమనాలి

రోజుకి యాభైసార్లు అడుగుతారు. "అమ్మా, ఇప్పుడు ఏంటి? తర్వాత ఏంటి?" విసుక్కోకండి. ఒకే మాట, ఒకే గొంతుతో: "గోడ మీద చూడు నాన్నా." మొదటిసారి చెప్పండి, రెండోసారి చూపించండి, మూడోసారి మాట మార్చండి.

"చూద్దాంలే" అన్న మాట మానెయ్యండి. మనం తప్పించుకోవడానికి అంటాం, వాళ్ళు దాన్ని మాటివ్వడం అనుకుంటారు. ఆశ పెట్టి తియ్యడం వల్ల వచ్చే గొడవ, లేదు అని చెప్పడం వల్ల వచ్చే గొడవ కన్నా ఎప్పుడూ పెద్దదే.

బాగా చదివావని చాక్లెట్టు, అల్లరి చేశావని అన్నం బంద్, ఈ రెండూ వద్దు. తిండి బహుమతీ కాకూడదు, శిక్షా కాకూడదు. వాడికి రావలసిన పూట తిండి ఏం జరిగినా వచ్చి తీరాలి. బహుమతికి స్టిక్కర్లు, రంగు పెన్సిళ్ళు, స్టేషన్‌కి తీసుకెళ్ళి రైళ్ళు చూపించడం, ఇవి పెట్టుకోండి. పజిల్ బొమ్మలు అతికించడంలో వీళ్ళలో చాలామంది మనకన్నా చురుకు.

తిండి దొంగిలించాడని తెలిస్తే? "తిన్నావా?" అని అడగకండి. లేదనే అంటాడు, అబద్ధం ఒకటి అలవాటవుతుంది, గొడవ రెండవుతుంది. ఎక్కడినుంచి తీశాడో చూసి ఆ కన్నం మూసెయ్యండి. తప్పు తాళం మర్చిపోయిన మనదే. ఎంత తిన్నాడో అంచనా వేసి, కడుపు మీద కన్నేసి ఉంచండి, ఎందుకో తొమ్మిదో భాగంలో చెబుతాను. తర్వాతి పూట మాత్రం మామూలుగానే పెట్టాలి.

కేకలు మొదలైతే వాదించకండి. చుట్టుపక్కల గాజువి, బరువువి తీసేసి, తక్కువ మాటలతో దగ్గరే నిలబడండి. కేకలు వేస్తే తిండి దొరికిందని ఒక్కసారి తెలిసిందా, ఇంక ప్రతిసారీ అదే దారి. మా అత్తగారు "ఒక్క ముద్దే కదే, పాపం" అని ఒక్కరోజు పెట్టారు. అది సరిదిద్దడానికి మాకు రెండు నెలలు పట్టింది.

7. బడిలో

హెడ్‌మాస్టారికి ఒక ఉత్తరం ఇవ్వండి, ఒడియాలో రాయించండి, డాక్టరు కాగితం జతచెయ్యండి. అందులో ఉండాల్సినవి:

- మధ్యాహ్న భోజనం ఇంటి నుంచే వస్తుంది, లేదా ఇంత కొలతే పెట్టండి
- పిల్లల డబ్బాలు తరగతిలో కాకుండా వేరే గదిలో ఉంచండి
- పుట్టినరోజు చాక్లెట్లు ఇంటికి పంపండి, చేతికి ఇవ్వొద్దు
- విరామంలో ఒక పెద్దవాళ్ళు కంటపడేలా ఉండాలి, గేటు దాటనివ్వొద్దు
- వాంతి అయితే వెంటనే మాకు ఫోను

తోటి పిల్లలకి కూడా చెప్పించండి. పిల్లలు పెద్దవాళ్ళకన్నా బాగా అర్థం చేసుకుంటారు.

8. పెళ్ళిళ్ళు, పండగలు, ప్రయాణాలు

ఇక్కడ మనకి రెండు పంచాంగాలు, తెలుగుదీ ఒడియాదీ. సంక్రాంతికి అరిసెలు, ఒడియావాళ్ళ రజొ పండక్కి పొడొపిఠా (కాల్చిన పిండివంట), మార్గశిరంలో ప్రతి గురువారం ఒడియా ఇళ్ళలో మాణబస (లక్ష్మీపూజ) పిఠాలు, రథయాత్ర భోగం, మజ్జిగౌరమ్మ గుడి ప్రసాదం. అన్నిటికీ దూరంగా ఉంచితే పిల్ల మనుషులకే దూరమవుతుంది. వెళ్ళండి, కానీ ఈ వరసలో:

1) ముందు రోజే ఒప్పందం. "రేపు పెళ్ళిలో నీకు ఒక కంచం, అందులో పప్పు, కూర, కొంచెం పులిహోర, ఒక చిన్న రసగుల్లా." కాగితం మీద రాయండి, వాడితో కూడా చదివించండి.

2) ఆ రోజు మిగతా పూటల్లో ఆ కేలరీలు తగ్గించి సర్దుకోండి. పూట మాత్రం ఎత్తెయ్యకండి.

3) ఒక పెద్దమనిషిని కాపలాకి పెట్టుకోండి. పేరు పెట్టి ఒకరికి అప్పగించాలి. "అందరం చూస్తున్నాం" అంటే ఎవరూ చూడటం లేదని. చెయ్యి మారేటప్పుడు "ఇప్పుడు నీ వంతు" అని నోటితో చెప్పుకోండి.

4) బంతిలో చివర కూర్చోబెట్టండి, మీరు పక్కన. వడ్డించేవాళ్ళకి ముందే చెప్పండి. బఫేకి అయితే లైనులో నిలబెట్టకండి, కంచం మీరే తెచ్చివ్వండి.

5) తిన్న వెంటనే బయల్దేరండి. ఫోటోలు, పలకరింపులు అన్నీ భోజనానికి ముందే.

కిందటేడు మా ఆడపడుచు కూతురి పెళ్ళిలో వడ్డించే కుర్రాడు వాడి విస్తట్లో రెండో రసగుల్లా వేసేశాడు. వాడు దాని వంక చూశాడు, నా వంక చూశాడు, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని "అమ్మా, తీసెయ్" అన్నాడు. చేతులు వణుకుతున్నాయి. నేను గబుక్కున తీసేశాను. వాడికి అది ఎంత కష్టమో ఆ చేతులు చూస్తే తెలిసింది.

ప్రసాదం గుడిలో చేతికి రాకముందే మీరు పట్టుకోండి, తులసాకు, తీర్థం వాడికి ఇవ్వండి. పూజారిగారికి చెబితే అర్థం చేసుకుంటారు.

విశాఖపట్నం ఆస్పత్రికి రైల్లో వెళ్ళేటప్పుడు కిటికీ పక్కన కూర్చోబెట్టి మీరు నడవ వైపు కూర్చోండి. పార్వతీపురం వచ్చేలోపు సమోసాలవాడు మూడుసార్లు తిరుగుతాడు. డబ్బా తిండి ఎప్పుడు తెరుస్తారో స్టేషన్ పేరుతో చెప్పండి: "బొబ్బిలి దాటాక." స్టేషన్లు లెక్కపెట్టుకుంటూ ఆగుతాడు.

9. వెంటనే ఆస్పత్రికి పరిగెత్తాల్సిన గుర్తులు

ఈ భాగం మాత్రం రెండుసార్లు చదవండి. వీళ్ళకి నొప్పి తెలియడం తక్కువ, వాంతులు అరుదు, ఒంట్లో ఇన్‌ఫెక్షన్ ఉన్నా జ్వరం రాకపోవచ్చు. అందుకే మనం "ఏడవట్లేదు కదా" అని కూర్చుంటే ప్రాణం మీదికి వస్తుంది.

- ఎప్పుడూ వాంతి చేసుకోనివాడికి వాంతి అయింది
- కడుపు ఉబ్బి గట్టిగా ఉంది, ముఖ్యంగా ఎక్కువ తిన్న తర్వాత. ఒకేసారి అతిగా తింటే పొట్ట గోడ దెబ్బతిని చిరిగిపోయే ప్రమాదం ఉంది
- తిండి వద్దన్నాడు. మామూలు పిల్ల అన్నం వద్దంటే మనం ఊరుకుంటాం, ఈ పిల్ల వద్దంటే అది పెద్ద గుర్తు
- నీరసం, మాట తడబాటు, ఆ ముందు చెంబుల కొద్దీ నీళ్ళు తాగి ఉంటే మరీను. అతిగా నీళ్ళు తాగితే రక్తంలో ఉప్పు పడిపోతుంది
- మింగుడు పడక ఉక్కిరిబిక్కిరి

ఎక్కువ తిన్నాడని వేలు పెట్టి కక్కించకండి. డాక్టరుకి మొదటి మాటే ఇది చెప్పండి: "ప్రేడర్ విల్లీ ఉంది, నొప్పి చెప్పడు, కడుపు ఎక్స్‌రే లేదా స్కాన్ చూడండి." చాలామంది డాక్టర్లు ఇలాంటి కేసు చూసి ఉండరు, వాళ్ళ తప్పు కాదు, మనం చెప్పాలి.

గొంతుకి అడ్డం పడటం తరచుగా జరిగేది. మింగే బలం తక్కువ, తినే వేగం ఎక్కువ. ముక్కలు చిన్నవి చెయ్యండి, ముద్ద ముద్దకీ మధ్య గుక్కెడు నీళ్ళు, పక్కన మనిషి ఉండాలి. గుడ్డు నాలుగు ముక్కలు చేసి ఇవ్వండి.

10. మామూలుగా జరిగే తప్పులు, దిద్దుకునే దారి

*ఇంట్లో ఒకరు కఠినం, ఒకరు మెత్తన.* దొంగతనాలకి మొదటి కారణం ఇదే. నాన్న, మామ్మ, పిన్ని అందరినీ కూర్చోబెట్టి ఒకే మాట మీదికి తేవాలి. తినిపించకుండా ప్రేమ చూపించే పని ఒకటి మామ్మకి అప్పగించండి. మా అత్తగారు ఇప్పుడు రోజూ సాయంత్రం వాడితో అష్టాచెమ్మా ఆడతారు.

*అన్నాచెల్లెళ్ళని మర్చిపోవడం.* మా పాప మూడేళ్ళపాటు ఇంట్లో బిస్కెట్టు చూడలేదు. తనకి శనివారం శనివారం నాన్నతో బయటికి వెళ్ళి ఇష్టమైంది తినే పూట పెట్టాం. వచ్చేముందు నోరు కడుక్కుని, మూతి తుడుచుకుని వస్తుంది.

*బరువు తగ్గిందని తాళం తియ్యడం.* తగ్గింది తాళం వల్లే.

*ఒళ్ళు కదలకుండా తిండి మీదే ఆధారపడటం.* కండ తక్కువ కాబట్టి త్వరగా అలసిపోతారు. పొద్దున ఇరవై నిమిషాలు, సాయంత్రం ఇరవై నిమిషాలు నడక. అది కూడా గోడ మీద వరసలోనే ఉండాలి.

*పెద్దవాడయ్యాడు, ఇంక తనే చూసుకుంటాడనుకోవడం.* తెలివితేటలు బాగున్నవాళ్ళకి కూడా తిండి దగ్గర ఈ కాపలా కావాలి.

11. ఆదివారం చేసే పని

మా ఇంట్లో ఆదివారం పొద్దున, టిఫిన్‌కి ముందు ఇవి అయిపోవాలి:

- ఒకే తూకం మీద, ఒకే రకం బట్టలతో బరువు, నోటుపుస్తకంలో అంకె
- నెలకోసారి ఎత్తు
- చేతుల మీద, కాళ్ళ మీద గిల్లుకున్న పుళ్ళు ఉన్నాయా. వీళ్ళకి గిల్లుకునే అలవాటు ఉంటుంది, గోళ్ళు కత్తిరించండి
- విరోచనం సరిగ్గా అవుతోందా
- తాళాలు, తలుపు గొళ్ళెం గట్టిగా ఉన్నాయా
- పరుపు కింద, పుస్తకాల సంచిలో, పాత బూట్లలో దాచిన తిండి. వాడి ముందు వెతకకండి
- వచ్చే వారం పెళ్ళీ పేరంటం ఏమైనా ఉందా, ఉంటే ఎవరి కాపలా

వరసగా రెండు వారాలు అరకిలో చొప్పున పెరిగితే ఎక్కడో కన్నం పడిందని అర్థం. పిల్లని కాదు, ఇంటిని వెతకండి. కిందటి శ్రావణంలో మాకు అలాగే పెరిగితే వారం రోజులు వెతికాం. చివరికి తేలింది, పక్కింటి ఒడియా మౌసీ పూజకి పెట్టిన అరటిపళ్ళు గోడమీంచి అందుతున్నాయి. ఆవిడకి చెప్పాం. మర్నాటి నుంచి పళ్ళు లోపల పెట్టి, గోడ దగ్గర బంతిపూల కుండీ పెట్టింది. రోజూ సాయంత్రం దానికి నీళ్ళు పోసే పని మావాడిదే.